డీజే బండిలో ఆర్కెస్ట్రా

తాండూరులో మా ఆర్కెస్ట్రా ప్రాక్టీసు ఒక నాపరాళ్ల పాలిష్ యూనిట్ పైగదిలో జరిగేది. కింద మిషన్లు ఆగితే తప్ప పైన మా పాట మాకే వినపడేది కాదు. సాయంత్రం పనివాళ్లు చేతులు కడుక్కుని వెళ్లిపోయాక మాస్టర్ కీబోర్డు మీద కప్పిన పాత చీర తీసి, కిటికీలోంచి దులిపి, మడతపెట్టేవారు. ఎంత కప్పినా మీటల సందుల్లో సన్నటి బూడిదరంగు పొడి చేరుతూనే ఉండేది. నేను వికారాబాద్ నుంచి రైలు దిగి మెట్లెక్కేసరికి ఆయన పెయింటు బ్రష్షుతో ఆ పొడి తీస్తూ కనిపించేవారు. తల ఎత్తకుండానే, "వచ్చినవా బిడ్డా? రైలు టయానికే ఉన్నట్టుంది," అనేవారు.

నేను వికారాబాద్‌లో ఒక చిన్న బడిలో పాఠాలు చెప్పేదాన్ని. ఇప్పటికీ చెబుతున్నాను. సాయంత్రాలూ సెలవులూ పాటవి. మాస్టర్‌ది ఫ్యాన్లు, మిక్సీలు బాగుచేసే దుకాణం. కీబోర్డు, అకార్డియన్ రెండూ వాయిస్తారు. ఢోలక్ వాయించే ఆయన పగలు ఆటో నడిపేవాడు. అందరం ఆయన్ను భాయ్ అనేవాళ్లం. గిటారుకు, ఫ్లూటుకు చెరో మనిషి ఉన్నా, వాళ్లు వీలున్నప్పుడు వచ్చేవాళ్లు. స్థిరంగా ఉన్నది మేం ముగ్గురమే.

నేను చేరిన కొత్తల్లో వినాయక చవితి వచ్చిందంటే మాకు ఇంట్లో కూర్చుని అన్నం తినే తీరిక ఉండేది కాదు. తాండూరు, వికారాబాద్, పరిగి, ఇటు బంట్వారం, అటు కుల్కచర్ల, ఎక్కడ మండపం వేసినా స్టేజీ ముందు జనం చాపలు పరుచుకుని కూర్చునేవారు. పాట అయిపోయాక ఎవరో ఒకరు లేచి "గదే ఇంకోపారి!" అని అరిచేవారు. పెళ్లిళ్లలో అయితే మేం వాయిస్తుంటేనే భోజనాలు.

ఆ తర్వాత డీజేలు వచ్చాయి. ఒక బండి, దాని మీద మనిషెత్తు పెట్టెలు, వెనక ఒక లాప్‌టాప్, ఒక కుర్రాడు. అంతే. మా ముగ్గురి గొంతుల్నీ చేతుల్నీ ఆ బండి ఒక్క దెబ్బకు పక్కకు తోసేసింది. విచిత్రం ఏమిటంటే తాండూరులో అందరికంటే గట్టిగా మోగే డీజే భాయ్ సొంత అల్లుడిది. కూతుర్ని ఇచ్చేనాటికి అతనికి మొబైల్ దుకాణం ఉండేది. పెళ్లయిన ఏడాదికి డీజే పెట్టాడు. అల్లుణ్ణి ఒక్క మాట అనడానికి లేదు గదా. భాయ్ తల పట్టుకునేవాడు.

"ఏమన్న అంటె నా బిడ్డ మొకం చిన్నబోతది. అనకుంటె నా ఢోలక్ మొకం చిన్నబోతది. మస్తు పరేషానుంది సార్," అనేవాడు మాస్టర్‌తో.

మాస్టర్ నవ్వేవారు గానీ, ఆయనకూ బెంగ ఉండేది. మేమూ మారాలని చూశాం. రంగురంగుల లైట్లు కొన్నాం. భాయ్ ఢోలక్ పక్కనపెట్టి ఎలక్ట్రానిక్ ప్యాడ్ నేర్చుకున్నాడు. ముందే రికార్డు చేసిన సంగీతం పెట్టి, దాని మీద నేను పాడటం కూడా మొదలుపెట్టాను. అలా పాడుతున్న రోజుల్లో ఒకసారి ఫంక్షన్ హాల్లో నాకు పొలమారింది. నేను దగ్గి, నీళ్లు తాగి, తల ఎత్తేలోపు సంగీతం తన దారిన తాను చరణం దాటి వెళ్లిపోయింది. రైలు కదిలాక ప్లాట్‌ఫాం మీద పరిగెత్తినట్టు నేను దాని వెంట పరిగెత్తాను. తప్పు జరిగిందని అంతమందిలో ఒక్కరూ గమనించలేదు. ఆ సంగతే నన్ను ఎక్కువ కుంగదీసింది. మాస్టర్ ఆ రోజు ఆ రికార్డు సంగీతం పెట్టె వైరు పీకి చుట్ట చుడుతూ, "గిది మనకొద్దు బిడ్డా. మనం గిట్ల బతికితె మనమెందుకు?" అన్నారు.

బంట్వారం దగ్గరి ఊళ్లో ఆ పెళ్లి వచ్చింది ఆ రోజుల్లోనే. గొర్ల కాపరుల కుటుంబం. పెళ్లికూతురు హైదరాబాద్‌లో నర్సింగ్ చదువుకుంది. ఊరేగింపుకు డీజే మాట్లాడుకున్నారు. మధ్యాహ్నం పందిట్లోకి మమ్మల్ని పిలిచారు, పిల్ల తండ్రికి పాతకాలపు ఆర్కెస్ట్రా అంటే ఇష్టమని. డీజే ఎవరిదని వేరే చెప్పక్కర్లేదు. మామా అల్లుళ్లు ఒకరికొకరు సలాం చెప్పుకుని చెరో మూలకు పోయారు.

మేం వాయిస్తున్నంతసేపూ పందిట్లో ప్లేట్ల చప్పుడే. పిల్లలు ఫోన్లు చూసుకుంటున్నారు. పెళ్లికొడుకు స్నేహితుడు ఒకడు వచ్చి, "అక్కా, డీజే లెక్క జర బీట్ ఉన్నది ఏసుండ్రి, నిద్రొస్తుంది," అన్నాడు. పాపం, మర్యాదగానే అన్నాడు. నేను సరేనన్నాను. నా గొంతు నాకే పరాయిగా తోచింది.

సాయంత్రం అప్పగింతలప్పుడు డీజే పెట్టెల్లోంచి ఏదో ఏడుపు పాట మొదలైంది. ఇప్పుడు ప్రతి పెళ్లిలోనూ అదే వేస్తారు. పెళ్లికూతురు నాయనమ్మ, ముడతలు పడ్డ చేతుల నిండా వెండి కడియాలున్న ముసలావిడ, పిల్ల చెయ్యి పట్టుకుని ఉన్నది కాస్తా తల తిప్పింది.

"గా డబ్బ బందు వెట్టుండ్రి! నా మనుమరాలు పోతుంటె పెట్టె ఏడ్సుడేంది? నేను సచ్చిన్నా?"

అల్లుడు గబుక్కున ఆపేశాడు.  అవ్వ పాడటం మొదలుపెట్టింది.

"మందతోని వొయ్యి మాపటికి నేనొస్తె
చెంబు నీళ్లిచ్చేటి నా తల్లి ఏది..."

సన్నటి గొంతు. గాలిలో దీపంలా వణుకుతోంది. అవ్వ శ్రుతి కీబోర్డు మీద ఏ మీటకూ సరిపోదు, రెండింటి నడుమ ఎక్కడో ఉంది. మాస్టర్ ఒక్క క్షణం చెవి ఒగ్గి విన్నారు. కీబోర్డు ఎడమపక్కన స్వరాన్ని పైకీ కిందికీ కొద్దిగా జరిపే చిన్న చక్రం ఉంటుంది. దాన్ని బొటనవేలితో జరిపి అక్కడే అదిమిపట్టి, కుడిచేత్తో ఒకే ఒక్క స్వరాన్ని అవ్వ గొంతు కింద పరిచారు. వినీవినపడనట్టు. భాయ్ ప్యాడ్ వదిలేసి, సంచిలోంచి ఢోలక్ తీసి, దరువు వెయ్యకుండా వేళ్లతో చర్మాన్ని రాస్తూ కూర్చున్నాడు.

రెండో చరణంలో అవ్వకు దుఃఖం అడ్డమొచ్చింది. పాట తెగింది. మాస్టర్ స్వరం అలాగే నిలిచి ఉంది. భాయ్ వేళ్లు ఆగాయి. నాకు ఆ పాట తెలియదు. మాటల్లేకుండా ఆ వరస మాత్రం నోట్లోనే కూనిరాగం తీశాను, తెగిన చోటు ఖాళీగా ఉండకూడదని. అప్పుడు, ఎవరూ అనుకోలేదు, పెళ్లికూతురు అందుకుంది. అదే చరణాన్ని, అవ్వ కళ్లలోకి చూస్తూ, పూర్తిగా పాడింది. చిన్నప్పుడు మంద వెంట తిరుగుతూ విన్నదట. అవ్వ మళ్లీ కలిసింది. ఇద్దరూ కలిసి ముగించారు. నిద్రొస్తుందన్న పిల్లవాడు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. పందిరి చుట్టూ ఎత్తిపట్టిన ఫోన్లు. మొదట నాకు చిరాకేసింది. తర్వాత చూస్తే ఆ ఫోన్ల వెనక ముఖాలన్నీ తడిసి ఉన్నాయి.

మమ్మల్ని తీసుకొచ్చిన ఆటో ట్రాలీ వాడు మరో బేరం మీద వెళ్లిపోవడంతో తిరుగు ప్రయాణం డీజే బండిలోనే చెయ్యాల్సొచ్చింది. ఆ పెద్ద పెట్టెల మధ్య, మా కీబోర్డు ఒళ్లో పెట్టుకుని మాస్టర్, ఢోలక్‌కు చెయ్యేసి భాయ్, ఒక మూల నేను. అల్లుడు బండి నడపడం తమ్ముడికి అప్పజెప్పి మాతోపాటు వెనకే కూర్చున్నాడు.  కందిచేల మీంచి చల్లగాలి వస్తోంది. అతను మామ వైపు తిరిగాడు.

"మామా, అవ్వ ఆగినప్పుడు మీరెట్ల ఆగిన్రు? ముందుగాల చెప్పుకున్నరా?"

"చెప్పుకునుడేంది బేటా? ఆమె మొకం జూస్తె ఎరుకైతది."

"నా మిషన్‌కు మొకం కనవడది," అన్నాడు అల్లుడు. ఎగతాళిగా కాదు, నిజంగా ఆలోచిస్తూ. భాయ్ చెయ్యి ఢోలక్ మీంచి లేచి అల్లుడి మోకాలి మీదికి వెళ్లింది. వాళ్లిద్దరూ అంత దగ్గరగా కూర్చోవడం నేను చూడటం అదే మొదటిసారి.

ఆ ఫోన్లలోంచే మాకు పిలుపులు రాసాగాయి. ఆ వీడియో చూసినవాళ్లు "మా అమ్మమ్మ గూడ పాడ్తది, మీరు రావాలె" అనేవారు. ఇప్పటి పిల్లలకు పాట వినే ఓపిక లేదని మేం ఎన్నాళ్లుగానో అనుకుంటూ వచ్చాం. వాళ్లకు లేనిది ఓపిక కాదు. ఆ పందిట్లో మేం పాడిన పాటలు వాళ్ల ఫోన్లలో మాకంటే బాగా ఉన్నాయి, మరి మమ్మల్నెందుకు వినాలి? వాళ్ల అవ్వ మాత్రం ఏ ఫోన్లోనూ లేదు.

మాస్టర్ ఒక పద్ధతి పెట్టారు. పెళ్లికి ముందు ఒక ఆదివారం ఆ ఇంటికి వెళ్లాలి, ఆడవాళ్లతో కూర్చోవాలి, ఎవరి నోట ఏ పాట ఉందో వినాలి, దాని కింద మేం ఏం వాయించాలో ఇంటికొచ్చి ఆలోచించాలి. నేను పైకి సరేనన్నాను గానీ లోపల ముల్లు గుచ్చుకుంది. ఇన్నేళ్లూ స్టేజీ మధ్యన మైకు నాది. ఇకమీదట పక్కన నిలబడాలన్నమాట. ఒకరోజు మాస్టర్ నన్ను రైలెక్కించడానికి వచ్చినప్పుడు ప్లాట్‌ఫాం బెంచీ మీద అడిగేశాను.

"సార్, అందరు వాళ్ల పాటలు వాళ్లే పాడుకుంటుంటె ఇగ నేనేంది?"

ఆయన చాయ్ కప్పు చివరిదాకా తాగారు.

"అవ్వకు ఏడుపొచ్చినప్పుడు పాట కింద వడకుంట వట్టుకున్నదెవలు బిడ్డా? నేనా, భాయా? పాడుడు మస్తుమందికి వస్తది. పాడేటోళ్ల పక్కన నిలవడుడు అందరికి రాదు."

నాకు పూర్తిగా ఊరట కలగలేదు. నిజం చెప్పాలంటే చాలా నెలలు కలగలేదు. కానీ ఆ మాట నాతో రైలెక్కింది.

ఆ పద్ధతిని మేమే ఒకసారి పక్కన పెట్టాం, దాని ఫలితం చూశాం. కుల్కచర్ల వైపు ఒక పెద్ద రైతు కుటుంబం, పెళ్లి తాండూరు ఫంక్షన్ హాల్లో. పెళ్లికొడుకు సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. వాళ్ల తాత ఒకప్పుడు ఊళ్లో చెక్క చిరుతలు వాయిస్తూ భజన చేసేవాడని, ఆయనకు చెప్పకుండా స్టేజీ మీదికి పిలిచి ఆశ్చర్యపరుద్దామని అన్నాడు. ముచ్చటగా ఉందనుకున్నాం. వెళ్లి కలవడానికి తీరిక దొరకలేదు. ఆ రోజు తాతను చప్పట్లతో ఎక్కించారు. ఆయన చేతికి మైకిచ్చారు. ఆయన దాన్ని చూశాడు, జనాన్ని చూశాడు, పాటలో ఒక పాదం ఎత్తుకుని మర్చిపోయాడు. మళ్లీ ఎత్తుకుని మళ్లీ మర్చిపోయాడు. ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు వరసగా పాకింది. నేను పక్కకు వెళ్లి అందిద్దామంటే నాకు ఆ పాట తెలియదు. మాస్టర్ వాయిద్యం ఒక్కటే దిక్కులేకుండా మోగింది.

దిగేటప్పుడు తాత కండువా సర్దుకుంటూ నా ముందు ఆగాడు.

"నన్నెందుకు నిలవెట్టిన్రు బిడ్డా? నేనడిగిన్నా?"

కోపంగా కూడా అనలేదు. అదే నన్ను కాల్చింది.

తర్వాతి ఆదివారం ముగ్గురం వాళ్ల ఊరికి వెళ్లాం. తాత మమ్మల్ని చూసి మంచం వాల్చాడు. మజ్జిగ ఇప్పించాడు. పాట ఊసు ఎవరమూ ఎత్తలేదు. వానల గురించి, కంది పంటకు పట్టిన పురుగు గురించి మాట్లాడుకున్నాం. భాయ్ ఆటోకు వచ్చిన రిపేరు గురించి చెప్పాడు. వెళ్తామని లేస్తుంటే, మా ఎడ్లను చూసిపోండని కొట్టం దగ్గరికి తీసుకెళ్లాడు. ఒక ఎద్దు మెడ నిమురుతూ, మా వైపు చూడకుండా, ఆ రోజు మర్చిపోయిన పాటను మొదటినుంచీ పాడాడు. ఒక్క మాట తప్పలేదు. కాలితో నేల మీద దరువేస్తూ పాడాడు. భాయ్ కొట్టం గుంజకు ఆనుకుని కళ్లు మూసుకున్నాడు. అయిపోయాక తాత, "గంతే," అని గడ్డి వెయ్యడంలో పడ్డాడు. దాన్ని మేం ఎవరమూ రికార్డు చెయ్యలేదు, ఏ పెళ్లిలోనూ వాయించలేదు.

ఆ తర్వాత నేను ముందుగా వెళ్లి కూర్చున్న ఇంట్లో తప్ప మేం ఎక్కడా ఎవర్నీ పాడమని అడగలేదు. కూర్చోవడం నా పని అయింది. కొన్ని ఇళ్లలో "మా ఇండ్లల్ల పాడుడు ఎన్నడో వోయింది" అనేవారు. అలాంటి చోట కూరగాయలు తరగడంలో ఓ చెయ్యి వేసేదాన్ని, చంటిపిల్లను ఎత్తుకునేదాన్ని. ఒక్కోసారి ఏమీ దొరికేది కాదు. ఒక్కోసారి పిల్లను నా దగ్గర్నుంచి తీసుకుంటూ ఆ తల్లి తనకు తెలియకుండానే రెండు ముక్కలు పాడేది. నేను నేర్చుకునేది అప్పుడే. పెళ్లిరోజున ఆమె పక్కన నిలబడి, గొంతు ఆమె గొంతు కింద దాచుకుని పాడేదాన్ని. ఆమె మర్చిపోతే కొంచెం పైకి వచ్చేదాన్ని, అందుకోగానే తగ్గేదాన్ని. మొదట్లో గుచ్చుకున్న ముల్లు ఎప్పుడు ఊడిందో తెలియదు.

మైకు సంగతి అల్లుడు చూసుకున్నాడు. "పెద్దోళ్ల చేతుల మైకు వెడ్తె మైకునే జూస్తరక్కా, పాట మర్చిపోతరు," అని చిన్న మైకును పూల అలంకారంలో దాచి వేలాడదీసేవాడు. తన పెద్ద పెట్టెల్లో మా ఢోలక్ ఢోలక్‌లాగే వినపడేట్టు, అవ్వల గొంతులోని గరుకు పోకుండా ఉండేట్టు ఎన్ని రోజులు కూర్చున్నాడో. ఊరేగింపుకు డీజే అతనిదే, పందిట్లో మేము. ఒకే బండి, ఒకే బేరం. ప్యాడ్ అమ్మేద్దామని భాయ్ అంటే మాస్టర్ వద్దన్నారు. "ఉండనీ. పోరగాండ్లు ఎగిరెటప్పుడు గావాలె గదా. వాళ్లు మాత్రం మనోళ్లు కారా?"

మొన్న చలికాలంలో భాయ్‌కు మనవరాలు పుట్టింది. పిల్లను ఉయ్యాల తొట్టెలలో వేసే రోజు మమ్మల్నందర్నీ పిలిచాడు. అల్లుడు ఒక్క పెట్టె కూడా తేలేదు. పసిపిల్ల చెవులకు ఏమవుతుందోనని అతనికే భయం. పెద్ద గదిలో చాపల మీద ఆడవాళ్లు కూర్చుని ఢోలక్ పాటలు పాడతారు వాళ్ల ఇళ్లలో. మగవాళ్లు ఆ గదిలోకి పోరు. ఢోలక్ కూడా ఆడవాళ్లే వాయిస్తారు. భాయ్ తన ఢోలక్‌ను గడప దాకా తీసుకొచ్చి భార్యకు అందించాడు. ఆమె దాన్ని మోకాలి కింద సర్దుకుని, రెండు చేతులూ వేసేసరికి నేను నోరెళ్లబెట్టాను. అన్నేళ్లుగా మేం వింటున్న భాయ్ దరువే అది, ఇంకా మెత్తగా.

"ఎవరు నేర్పిన్రు భాభీ?" అన్నాను.

"నేర్పుడేంది? పెండ్లైన కొత్తల నేనే ఆయనకు నేర్పిన," అంది ఆమె. గదంతా గొల్లుమంది. గడప అవతల భాయ్ గడ్డం గోక్కుంటూ, "గది అందరికి చెప్పాల్నా?" అన్నాడు. ఆయన పక్కన మాస్టర్ నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నారు.

ఉర్దూ పాటలు నాకు కొంచెమే అర్థమయ్యాయి. వాళ్లు పాడుతుంటే కింద గొంతు కలిపాను. పిల్ల తొట్టెలలో ఒకసారి కళ్లు తెరిచి, పైన కట్టిన రంగుకాగితాలను చూసి, మళ్లీ నిద్రపోయింది. అల్లుడు గడప మీద గొంతుక్కూర్చుని అత్తగారి వేళ్లనే చూస్తున్నాడు.

పిలుపులు రాని నెలలు ఇప్పటికీ ఉన్నాయి. గిటారు ఆయన ఉద్యోగం మారి హైదరాబాద్ వెళ్లిపోయాడు. ఒక కాలేజీ అమ్మాయి వయొలిన్ పట్టుకుని వస్తోంది. మాస్టర్‌కు ఎడమ చెవి కొంచెం తగ్గింది. అందుకని ఆమెను తన కుడివైపు కూర్చోబెట్టుకుంటారు.

ఈ వారం మాకు బషీరాబాద్ అవతల, కర్ణాటక సరిహద్దు దగ్గర ఒక ఇంట్లో సీమంతం ఉంది. వాళ్లింట్లో కన్నడం మాట్లాడతారు. రాళ్ల పనికి వెళ్లొచ్చే ఒక కన్నడామె రోజూ నా రైల్లోనే వస్తుంది. ఒక జోలపాట నేర్పమని ఆమెను అడిగాను. మొదట సిగ్గుపడింది. తర్వాత టిఫిన్ డబ్బా పక్కన పెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పాడింది. మన పాలు వాళ్లకు హాలు, మనం పాడితే వాళ్లు హాడుతారు. నేను ప్రతిచోటా 'ప' అనేసి నాలుక కరుచుకుంటున్నాను.

"హా... హా అనక్కా, గొంతులకెల్లి," అంటుంది ఆమె నవ్వుతూ. నేను మళ్లీ మొదలుపెడతాను. ఎదురు సీటులో కూర్చున్న ముసలాయన ఆ పాట తనకూ తెలుసన్నట్టు తల ఊపుతున్నాడు.